ఐతారం తెల్ల బనీను

మామ పోయిండని అత్త ఫోన్ చేసినప్పుడు నేను మిల్లు నల్లా కాడ చేతులు కడుగుతున్న. మోచేతుల దాక నీలం. తడి చేతితోనే ఫోన్ ఎత్తిన. "మీ మామ లేడు కొడుకా" అన్నది. నల్లా బందు చెయ్యాలన్న సోయి సుత లేదు నాకు. ఎనుక నిలబడ్డోడు "అరే భాయ్, పానీ!" అని ఒర్లితే అప్పుడు బందు చేసిన.

నిన్న మాపటిదాక నేను దవాఖానల ఆయన మంచం పక్కనే ఉన్న. మాట్లాడిండు. నన్ను కసురుకున్నడు సుత. అసొంటి మనిషి తెల్లారేసరికి లేడంటె ఎట్ల నమ్ముడు?

సూరత్‌ల పర్వత్ పాటియా, మా గల్లీకి వచ్చేసరికి మామ ఇంటి ముందర నలుగురు మాస్కులు కట్టుకొని దూరం దూరం నిలబడ్డరు. అందరిదీ ఒకటే సవాల్. "కరోనానా?" ఆ దినాలల్ల ఎవలు సచ్చినా మొదలు గదే అడుగుడు. కాదని తల ఊపిన. "మరేంది?" అన్నరు. ఏం చెప్పాలె? రంగు అని చెప్పాల్నా, నెత్తురు అని చెప్పాల్నా, మా ఇద్దరి తెలివిలేనితనం అని చెప్పాల్నా? వాళ్లకు చెప్పలేకపోయిన. మీకు చెప్త. ఎవలకో ఒకలకు చెప్పకుంటే ఇది నా లోపట అట్లనే ఉంటది.

ఆయన నాకు సొంత మామ కాదు. ఇద్దరం కరీంనగర్ దిక్కోళ్లమే గని ఊర్లు వేరు. పద్నాలుగేండ్ల కింద నేను సూరత్‌ల దిగిన కొత్తల ఏ ఊరని అడిగిండు, ఇంటిపేరు అడిగిండు, వేళ్ల మీద ఏందో లెక్కగట్టిండు. "అయితే నువ్వు నాకు అల్లుడివైతవ్ రా" అన్నడు. ఆ ఇంటిపేరోళ్లు సూరత్‌ల ఎంతమంది ఉన్నరో, ఆ లెక్కన అందరూ ఆయన అల్లుండ్లే. ఏ వరుసైతేంది, రంగుల మిల్లుల పని ఇప్పించింది ఆయనే, కిరాయికి అర్ర చూపించింది ఆయనే, ఆ అర్రల మొదటి పొద్దు అన్నం పెట్టింది అత్తనే. నేను కూడ మామా అన్న. ఇగ అదే నిలబడ్డది.

మామది పొడి రంగులు తూచి, నీళ్లల్ల కలిపి, మెషీన్ల పోసే పని. డబ్బా మూత తీస్తే సాలు, పొడి గాలిల లేస్తది. కనురెప్పల మీద, ముక్కుల, చెవుల సందుల, అంతట రంగే. మామ సాయంత్రం మిల్లు బయటికొస్తే ఆ పొద్దు ఏ రంగు చీరెలు నడిచినయో ఆయన చెవులు చూసి చెప్పచ్చు. "రంగుకు సిగ్గు లేదు అల్లుడా, ఎవ్వల మీదనన్న ఎక్కుతది" అంటుండె.

మాకు బెల్లం తినిపించుడు ఆయన అలవాటు. జేబుల కాయితం పొట్లం ఉంటుండె. పని అయినంక ఒక్కొక్కనికి ఒక ముక్క చేతుల పెట్టి, మింగిందాక ముందలకెళ్లి కదలకపోతుండె. బెల్లం గొంతుల దుమ్మును గుంజుకొస్తదని నమ్మకం. ఎండకాలమైతే సల్ల. గుజరాతోళ్లు ఛాస్ అంటరు, సంచుల అమ్ముతరు. మామ ఇంటికాడికెళ్లే డబ్బాల తెస్తుండె. "లోపటికి పోయింది బయటికి రావాలె. రాకుంటే యాడికి పోతది?" అని అడుగుతుండె. ఆ సవాల్‌కు మా తాన జవాబు లేకుండె. ఆయన తాన ఉన్నదనుకున్నం.

ఇంకొకటి చెప్పాలె. గుడ్డకు రంగు పట్టేటప్పుడు మెషీన్ ఇడిచిపెట్టి పోవుడు ఉండదు. జర అటిటైతే గుడ్డ మీద మచ్చలు పడ్తయి, తాన్లకు తాన్లు పాడైతయి. రెండు గంటలు, మూడు గంటలు కాలు కదపకుండ నిలబడాలె. మామ మాత్రం వచ్చి నా భుజం మీద కొడ్తుండె. "పోయి రా అల్లుడా. నీళ్లు తాగి ఒంటికి పోయి రా. ఇది నేను చూస్త." నాకొక్కనికే కాదు, ఆ లైన్‌ల నిలబడ్డోళ్లందరికీ గంతే. మరి నువ్వు పోవా మామా అని ఎన్నోసార్లు అడిగిన. "నాది పెద్ద సంచి రా. పని అయినంకనే" అని పొట్ట మీద చరుసుకొని నవ్వుతుండె. మేం సుత నవ్వినం. పద్నాలుగేండ్లు నవ్వినం.

ఇగ బనీను సంగతి.

వారమంత మేం నల్ల అంగీలు, ముదురు అంగీలే తొడుగుతం. ఐతారం మిల్లు బంద్. ఆ పొద్దు మామ రెండుసార్లు సబ్బు పెట్టి తానం చేసి, ఉతికిన తెల్ల బనీను ఏసుకుంటుండె. పొద్దంత దాంతోనే ఉండుడు, తినుడు, పండుడు. పొద్దుమీకి వాకిట్లకొచ్చి, బనీను ఇప్పి, వెలుతురుకు పట్టి చూస్తుండె. సంకల కింద, మెడ కాడ, ఈపు మీద. తానం చేసిన ఒంట్లకెళ్లి సుత చెమటతోని రంగు దిగుతది, మీరు నమ్మరు. ఒక వారం పసుపు, ఒక వారం నీలం, కలిసినప్పుడు పచ్చ. మెల్లమెల్లగ మా గల్లీల రంగు మిల్లోళ్లందరం తెల్ల బనీన్లు పట్టినం. ఐతారం సాయంత్రం ఎవలకు ఎంత దిగిందో చూసుకునుడు, ఎక్కువ దిగినోన్ని మెచ్చుకునుడు. "శభాష్, మస్తు ఎల్లగొట్టినవ్" అంటుండె మామ.

నా పెండ్లైన కొత్తల నా భార్య దిండు గలేబు నీలంగ చూసి, నాకేదో రోగముందని ఏడ్చుకుంట అత్త దగ్గరికి పోయింది. మామనే వచ్చి చెప్పిండు. "భయపడకు బిడ్డా. నీ మొగడు లోపటిది ఎల్లగక్కుతున్నడు. ఎల్లనోనికే భయం గని ఎల్లెటోనికి ఏం భయం?" ఆమె కండ్లు తుడుసుకున్నది. ఆ మాట మా ఇంట్ల చానా ఏండ్లు ధైర్యం లెక్క ఉండె.

లాక్‌డౌన్ పడ్డది. మిల్లు బంద్. మా వాళ్లు చానామంది దొరికిన బండ్ల మీద, రైళ్ల మీద ఊర్లకు ఎల్లిపోయిండ్రు. అత్తకు మోకాళ్ల నొప్పులు, అంత దూరం కూసుండలేదని మామ ఉండిపోయిండు. నేను సుత ఉండిపోయిన. పనిలేదు, పాటలేదు, పొద్దు పోయేది కాదు. మామకు మాత్రం ఒక పని దొరికింది, వారం వారం బనీను చూసుకునుడు. మొదటి ఐతారం ఎప్పటి లెక్కనే పసుపు. రెండోది జర పల్చన. ఇంకో రెండు వారాలకు తెల్లగ, కొన్నప్పటి లెక్క తెల్లగ. మామ ఆ బనీనును కట్టెకు తలిగించుకొని, దూరం దూరమే ఉండి, ఇంటింటి ముందర నిలబడి చూపించిండు. "చూడుండ్రి! ముప్పై ఏండ్ల రంగు! సాఫ్!" పోలీసాయన వచ్చి లోపటికి పొమ్మనేదాక తిరిగిండు. ఆయన మొఖం అంత సంబురంగ నేనెప్పుడు చూడలే.

ఇంకా కొన్ని వారాలకు, ఒక పొద్దుగాల, మెట్ల కాడ నన్ను పిలిచిండు. అటిటు చూసిండు.

"అల్లుడా, ఒక ముచ్చట. మీ అత్తకు చెప్పకు, ఊకె పరేషాన్ అయితది. పొద్దున ఒంటికి పోతే ఎర్రగ వచ్చింది."

"ఎర్రగనా? నొప్పి గిట్ల ఉన్నదా మామా?"

"నొప్పి లేదు, మంట లేదు. అది ఎర్ర రంగు రా. గా పెండ్లిచీరెల ఎర్ర, ఎన్ని డబ్బాలు తూచిన నేను! పైపైయి బనీనుకెళ్లి పోయినయి. ఇప్పుడు అడుగున కూసున్నయి కదిలినయి."

మా దిమాగ్‌కు అది సక్కగనే అనిపించింది. పసుపు తూచినోనికి ఉచ్చ ముదురు పసుపు వచ్చుడు మేం చూసినం. మరి ఎర్ర తూచినోనికి ఎర్ర రావద్దా? "మంచిదే గదా మామా. పోనియ్" అన్న.

మంచిదే గదా మామా, పోనియ్. ఈ మాట నా నోట్లెకెళ్లి వచ్చింది. దాన్ని ఎనుకకు తీసుకునుడు ఎట్లనో ఎవలన్న చెప్తే వాళ్ల కాళ్లు మొక్కుత.

మూడు దినాలు వచ్చి ఆగిపోయింది. ఆగినంక మామ మళ్ల పిలిచిండు. "మొత్తం ఎల్లిపోయింది రా, ఇప్పుడు నీళ్ల లెక్క ఉన్నది." నేను దుకాణానికి పోయి బెల్లం పట్టుకొచ్చిన. ఇద్దరం మెట్ల మీద కూసోని తిన్నం. పండుగ చేసుకున్నం, ఓరి దేవుడా, ఆయన సావుకు మేం ముందలనే పండుగ చేసుకున్నం.

మిల్లు తెరిచిండ్రు. గేటు కాడ అందరికి మాస్కులు ఇచ్చిండ్రు. ఇన్నేండ్లు రంగు దుమ్ముకు ఎవ్వడూ ఇయ్యని మాస్కు కరోనాకు ఇచ్చిండ్రు! మొదటి పొద్దు పని అయినంక మామ మాస్కు ఇప్పి చూసుకున్నడు. మొఖం తగిలే దిక్కు తెల్లగ ఉన్నది, బయటి దిక్కు మందంగ నీలం పేరుకున్నది. దాన్ని చానా సేపు చూసిండు. "ఇగో, దినాం ఇంత నా లోపటికి పోయింది అల్లుడా" అన్నడు. నవ్వలే. ఆ ఒక్కసారే ఆయన కండ్లల్ల భయం చూసిన. మళ్ల తనే సర్దుకున్నడు. "పోతేంది, ఎల్లగొట్టినం గదా."

దివాలీకి మళ్ల ఎర్రగ వచ్చింది, రెండు దినాలు. "జర మిగిలినట్టుంది" అన్నడు. నేను ఊకొట్టిన. సెకండ్ వేవ్ వచ్చింది. దవాఖానల పేరెత్తితే మనిషి వణికే కాలం. పోతే వార్డుల పడేస్తరని, మనిషిని మళ్ల చూడనియ్యరని భయం. వానలు పడ్డయి. అప్పటికెళ్లి ఆగలే. నడుము నొప్పి మొదలైంది, అంగీ వదులైంది. ఒకనాడు బాత్‌రూంల నెత్తురు గడ్డ కనబడి అత్త మోకాళ్ల నొప్పి మరిచి నా దగ్గరికి ఉరికొచ్చింది.

"కొడుకా, ఇది నీకు ముందలనే ఎర్కనా?"

"ఎర్కనే అత్తా."

తిట్టినా బాగుండు. చూసింది, గంతే.

ఊర్లనే అవతల దిక్కు అడాజన్‌ల ఒక పెద్ద డాక్టర్ ఉన్నడంటె బస్సు పట్టుకొని పోయినం. ఫోటోలు తీసిండ్రు, పరీక్షలు చేసిండ్రు. రిపోర్టులు వచ్చిన పొద్దు మామను బయట బెంచి మీద కూసోబెట్టి నేను, అత్త లోపటికి పోయినం. ఏం పని చేస్తడని అడిగిండు డాక్టర్. చెప్పిన. ఎర్ర రంగు పోతున్నది సార్ అని చెప్పిన. ఆయన కలం కింద పెట్టిండు.

"యే రంగ్ నహీ హై భాయ్. ఖూన్ హై."

రంగు కాదు, నెత్తురు. చిన్నపోరడు సుత చెప్పే మాట. మొదటిసారి ఎప్పుడు కనబడ్డదని అడిగిండు. లాక్‌డౌన్‌ల అన్న. "అప్పుడే వచ్చి ఉంటే…" అని ఆగిపోయిండు. మూత్రసంచిల క్యాన్సర్ అని, అది సంచి దాటి పోయిందని మెల్లగ చెప్పిండు. అత్త నా చెయ్యి పట్టుకున్నది. ఎవలు ఎవల్ని ఆపుతున్నమో తెల్వలే.

నేను ఊకోలే. బనీను సంగతి చెప్పిన, రంగు మొత్తం దిగిపోయింది సార్, కండ్లతోని చూసినం అని వాదన పెట్టుకున్న. ఆ డాక్టర్ మంచోడు. కసురుకోలే. చీటీ ఎనుకకు తిప్పి బొమ్మ గీసిండు. బనీనుకు అంటింది తోలు మీద పట్టి ఉన్న రంగే చానా మటుకు అన్నడు. ఊపిరితోని పోయింది, తోలుల కెళ్లి దిగింది నెత్తురుల కలుస్తది. కార్జం దాన్ని ముక్కలు చేస్తది. ఆ ముక్కలను మూత్రపిండాలు వడగట్టి సంచిలకు పంపుతయి. "రంగు విరిగినంక దానికి రంగుండదు. నీళ్ల లెక్క కనబడే దాంట్లనే విషం ఉంటది. అది బయటికి పోతది, నిజమే. పోయేముందల ఆ సంచిల కూసుంటది. కూసున్న కాడ పాడు చేస్తది" అన్నడు.

నాకు వెంటనే హైడ్రో యాదికొచ్చింది. తప్పు రంగు పడ్డ గుడ్డను మేం హైడ్రో పొడి ఏసి ఉడకబెడ్తం. చూస్తుండంగనే రంగు మాయమైతది, గుడ్డ తెల్లబడ్తది. గని ఆ నీళ్ల కాడ నిలబడలేం, ముక్కు పగుల్తది. రంగు యాడికీ పోలేదు, విరిగి నీళ్లల్లనే ఉన్నది, కనబడదు అంతే. ఈ సంగతి మామకంటె బాగ ఎవలకు ఎర్క? వందలసార్లు చేసిండు. ఆయన ఒంట్ల జరిగేది సుత గదే అని ఎవలన్న ఒక్క మాట చెప్తే నిమిషంల అర్థమైతుండె. ముప్పై ఏండ్లల్ల ఎవ్వలూ చెప్పలే. సేట్ చెప్పలే, డబ్బా మీద రాసి ఉన్నదేమో, అది ఇంగ్లీషుల ఉండె.

ఎల్లేముందల డాక్టర్ ఇంకొకటి అడిగిండు. "నీళ్లు తక్కువ తాగుతడా? చానా సేపు ఆపుకునే అలవాటు ఉన్నదా?" ఆపుకుంటేనే రోగం వచ్చిందని చెప్పలేం గని ఆ నీళ్లు లోపట ఎంత సేపుంటే అంత చెడ్డ అన్నడు.

నాది పెద్ద సంచి రా.

నేను నీళ్లు తాగ పోయిన ప్రతిసారి, ఒంటికి పోయిన ప్రతిసారి, నా మెషీన్ కాడ నిలబడ్డది ఎవలు? పద్నాలుగేండ్లు!

మామకు చెప్పద్దని అత్త బతిమాలింది. "ఆయన నమ్మకం ఆయనకుండనియ్ కొడుకా" అన్నది. పెద్ద సర్కార్ దవాఖానల చేర్పించినం. ఇంక మూడు వారాలే బతికిండు.

కడపటి తానం చేయించేటప్పుడు నీళ్లు పోసింది నేనే. మంది తక్కువ, ఆ రోజులట్ల ఉండె. మడిమెల పగుళ్లల్ల, గోర్ల సందుల ఇంకా నీలం ఉన్నది. సబ్బు పెట్టి రుద్దిన. పోలే. ఇంకా రుద్దుతుంటే అత్త "ఇగ ఇడిసిపెట్టు" అన్నది. పదో దినం నాడు ఆయన తెల్ల బనీన్లు నాలుగు మడత పెట్టి నా చేతుల పెట్టింది. నేను ఏసుకోలే, దేనికీ వాడలే, అల్మారల ఉన్నయి.

నువ్వు సుత పరీక్ష చేయించుకో అని డాక్టర్ రిపోర్టులు వచ్చిన పొద్దే చెప్పిండు. మామ పోయినంక సుత రెండు వారాలు భయానికి పోలే. నా భార్య ఒర్లి ఒర్లి పంపింది. ల్యాబ్‌ల సీసా ఇచ్చిండ్రు. నింపి వెలుతురుకు పట్టి చూసిన, అలవాటు గదా. నీళ్ల లెక్క తెల్లగ ఉన్నది. అంతకుముందైతే సంబురపడుతుంటి. ఇప్పుడు ఆ తెల్లదనాన్నే నమ్మలే, మూత బిగించి ఇచ్చిన. ఈసారికి ఏం లేదన్నరు. ఏటేటా రమ్మన్నరు. గల్లీల రంగు మిల్లోళ్లను నలుగురిని తోలుకపోయిన. మిగిలినోళ్లు ఇంకా ఐతారం బనీన్లు చూసుకుంటనే ఉన్నరు. కనబడ్డోన్నల్లా పట్టుకొని చెప్తున్న, ఎర్రగ ఒక్క చుక్క కనబడ్డా అది రంగు కాదు రా, దవాఖానకు ఉరుకుండ్రి అని. కొందరు నవ్వుతరు. నవ్వనియ్.

మామ సంగతి చెప్పుకుంటె నాకు ఆ ఆఖరి మాపే కండ్ల ముందలికొస్తది. పొడుగు వార్డు. ఒంటికి పోను ఆయనకు పైపు పెట్టిండ్రు. మంచం పక్కన సంచి ఏలాడుతున్నది, దాంట్లకు ఎర్రగ చుక్క చుక్క దిగుతున్నది. మామ దిండు మీదికెళ్లి తల తిప్పి దాన్నే చూస్తున్నడు. "ఇంకా పోతనే ఉన్నది చూడు అల్లుడా. ఎంత తూచిన్నో ఏమో" అన్నడు. ఆయనకు నిజం ఎర్కనో లేదో నాకు ఇప్పటికీ తెల్వదు.

పొద్దుగాలకెళ్లి నేను ఆ స్టూలు మీదికెళ్లి లేవలే. లేస్తే ఏమైతదో అని. కాళ్లు కదిలించుకుంట కూసున్న. మామ అది పసిగట్టిండు. "ఎంత సేపైంది రా ఒంటికి పోక?" అన్నడు. ఏం లేదు మామా అన్న. "పిచ్చోడా!" అని కసిరిండు. గొంతు లేదు గని కోపం మిల్లులదే. "పోయి రా. నీళ్లు తాగి పోయి రా. ఇది నేను చూస్త."

పోయిన. తలుపు కాడ ఎనుకకు తిరిగి చూసిన. మామ నా దిక్కు చూస్తలేడు. రంగు పట్టేటప్పుడు మెషీన్ కాడ నిలబడ్డట్టే, రెప్ప కొట్టకుండ, ఆ సంచి దిక్కే చూస్తున్నడు.